కోళ్ళగూట్లో దొరికిన మొహాలు

దేవుడు మనుషుల్ని మట్టితో చేశాడంటారు, మంచిదే. కానీ ఫలానా మొహాన్ని రంగుల్లో గీసిందెవరో తేల్చాలంటే మాత్రం ఆయన కూడా మా ఊరు పెర్లీ కార్నర్ దాకా వచ్చి, బూట్లకంటిన బురద గుమ్మం దగ్గర గీక్కుని, మా అమ్మమ్మ ఆర్డెల్ ట్రాస్క్ వంటింట్లో చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆవిడ ఔనంటే ఔను, కాదంటే కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన దుంప పొలాల మధ్య కూర్చుని, ఎప్పుడో చచ్చిన చిత్రకారుణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి, "ఇది నీ పనేనా?" అని గద్దించి ఒప్పించగల మనిషి భూమండలం మీద ఇంకొకరు లేరు. ఉన్నారని ఎవరైనా అంటే, వాళ్ళ ఉమ్మిని మా అమ్మమ్మ ఉమ్మితో పోటీకి పెట్టమనండి.

ఉమ్మి మాట వేళాకోళానికి అనలేదు. పాత పటాల మీద పేరుకున్న మురికి వదలడానికి ఉమ్మిని మించిన మందు లేదు. పెద్ద పెద్ద మ్యూజియంలలోనూ అదే వాడతారు, కాకపోతే తలుపులేసుకుని వాడతారు. మా అమ్మమ్మకి ఆ మొహమాటం లేదు. సన్నటి పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడిపి, పటం మీద గుండ్రంగా తిప్పి, నల్లబడ్డ దూదిని డబ్బాలో పడేసి కొత్తది చుడుతుంది. వాడిన దూదిని మరిచిపోయి మళ్ళీ నోట్లో పెట్టుకునేవాళ్ళు ఈ వృత్తిలో ఎక్కువ కాలం నిలవరట. ఆరూస్టూక్ జిల్లాలో గోడకి వేలాడుతున్న పెద్దమనుషుల్లో చాలామంది మొహాలు అలా మా అమ్మమ్మ ఎంగిలి తగిలినవే.

ఆ పెద్దమనుషుల్ని గీసినవాడు జీనస్ లారబీ. రైలు రాకముందు, రోడ్లు కూడా సరిగా లేని రోజుల్లో, రంగుల పెట్టె వీపున కట్టుకుని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తిరుగుతూ, తిండికీ పడకకీ బదులుగా ఇంటివాళ్ళ బొమ్మలు చెక్క పలకల మీద గీసిపెట్టేవాడు. నలభై ఏళ్ళుగా అతని పటాలు వెతికి, పోల్చి, పుస్తకం రాసింది మా అమ్మమ్మే. ఎక్కడ ఏ అటకమీద చెక్క మీద గీసిన మొహం బయటపడ్డా, అది లారబీదా కాదా అన్న చివరి మాట ఆవిడదే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆవిడకి లారబీ అంటే ఒళ్ళుమంట.

"వాడికి చేతులు రావు, మొహాలు రావు. వచ్చిందల్లా ఆకలి," అనేది. "చలికాలమంతా ఒకరింట్లో పడి తిని, పోతూ పోతూ ఆ ఇల్లాలి మొహాన్ని ఉడికించి తొక్క తీసిన దుంపలా గీసి పోయాడు. కనురెప్పల వెంట్రుకలు ఉండవు. పెదాలు చచ్చిన చేప రంగు. చేతులేమో బొటనవేలు ఒక్కటి విడిగా, మిగతావన్నీ కలిసి ఒక ముద్ద. చలికి వేసుకునే ఉన్ని తొడుగుల్లా!"

మరి అంత అసహ్యమైతే జీవితమంతా ఎందుకు ధారపోశావంటే, "మురుగ్గుంట కూడా ఎవరో ఒకరు శుభ్రం చెయ్యాలిగా," అనేది. అసలు కారణం అది కాదని నా అనుమానం. ఆవిడ పుట్టింటి పటం, సబ్మిట్ అనే పేరున్న వాళ్ళ పూర్వీకురాలు ఒక అవ్వది, ముందుగదిలో ఉండేది. పుట్టిన దగ్గర్నుంచి ఆ చప్పిడి మొహం చూస్తూ పెరిగింది. ఆ మొహాన్నీ, ఆ ముద్ద చేతినీ కొలబద్దగా పెట్టుకునే మిగతావాటిని తేల్చింది. వేళ్ళు ముద్దగా ఉంటే లారబీ, విడివిడిగా ఉంటే ఇంకెవడో. పుస్తకంలో అచ్చయిన సూత్రం అదే. పటాలు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ అది వేదవాక్కు.

పోయిన ఏప్రిల్‌లో, మంచు కరిగి దారులన్నీ అంబలిలా ఉన్నప్పుడు, పక్క పొలం అర్మాన్ మిషో తన బండి వెనక ఏదో టార్పాలిన్ కప్పి తెచ్చాడు. మంచు బరువుకి అతని పాత కోళ్ళగూడు కూలిపోయింది. ఆ చెక్కలు ఊడదీస్తుంటే, బయటిగోడకి లోపలివైపు మూడు వెడల్పాటి పలకలు కనబడ్డాయి. రంగున్న వైపు బయటి గోడకి ఆనించి, వీపు కోళ్ళకి చూపిస్తూ, మేకులు కొట్టి ఉన్నాయి. మా వైపు పనికొచ్చే చెక్క పారేయడం కంటే పెద్ద పాపం లేదు. ఎవడో పూర్వీకుడు తాత పటాన్ని కూడా గాలి రాకుండా అడ్డం పెట్టుకున్నాడు.

టార్పాలిన్ ఎత్తగానే మా అమ్మమ్మ రెండడుగులు వెనక్కి వేసి ముక్కు మూసుకుంది.

"ఏం తెచ్చావురా అర్మాన్, శవమా?"

"ముగ్గురున్నారు. మొగుడూ, పెళ్ళామూ, ఒక పిల్ల. చచ్చి చాలాకాలమైందిలే, కంగారుపడకు."

"కంపు మాత్రం తాజాగానే ఉంది."

"అది కోళ్ళది. వాటి తప్పేముంది, వెనక ఎవరున్నారో వాటికేం తెలుసు?" అర్మాన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "లారబీయేనా కాదా చెప్పు, ఆర్డెల్. మా ఆవిడ అప్పుడే తడిగుడ్డ పట్టుకుని తుడవబోయింది, చెయ్యి పట్టుకుని ఆపాను."

"ఈ వారంలో నువ్వు చేసిన బుద్ధిగల పని అదొక్కటే. అటు పెట్టు. అక్కడ కాదు, రొట్టెల బల్ల పక్కన పెడతావేంటి! షెడ్డులో పెట్టు!"

ఆ పలకల వీపున కోళ్ళ రెట్ట పొరలు పొరలుగా సున్నం గార కట్టినట్టు గట్టిపడి ఉంది. ముందువైపు ఎలుకల మూత్రం చారలు, సాలెగూళ్ళు, ఈకలు, ఏవో పురుగులు వదిలేసిన పొట్టు. పిల్ల నుదుటి మీద చచ్చి ఎండిన ఎలుకపిల్ల ఒకటి అతుక్కుపోయి ఉంది. దాన్ని చెంచా వెనకభాగంతో ఊడదీస్తుంటే మా అమ్మమ్మకి పొద్దున తిన్న ఓట్స్ జావ గొంతుదాకా వచ్చింది. ముక్కుకి రుమాలు కట్టుకుంది. కట్టుకుంటే ఉమ్మి తడపడం కుదరదు. విప్పితే కంపు. కట్టుకుంటూ, విప్పుకుంటూ, లారబీనీ, అతన్ని కన్న తల్లినీ, కోడి అనే జాతినీ తిట్టుకుంటూ మూలల నుంచి మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి పిల్ల చేతులు బయటపడ్డాయి. రెండు చేతుల మధ్యా నీలం ఉన్ని నూలు చిలప సాచి పట్టుకుని కూర్చుంది, ఎదురుగా ఎవరో ఉండలా చుట్టుకుంటున్నట్టు. ప్రతి వేలూ విడిగా ఉంది. గోళ్ళ మొదట్లో తెల్లటి నెలవంకలు. నూలు బిగిసిన చోట వేలి అంచున సన్నటి ఎర్ర గీత. రెప్పలకి వెంట్రుకలున్నాయి, ఒకటి వంకరగా కూడా ఉంది. పెదవి మీద చలికి పగిలిన చిన్న చీలిక. ఇప్పుడో ఇంకాసేపటికో చేతులు నొప్పెట్టాయని గునిసేలా ఉంది ఆ పిల్ల.

మా అమ్మమ్మ దూది పుల్ల పక్కన పెట్టింది. అంత బాగున్న బొమ్మని ఆవిడ ఆ జిల్లాలో ఎన్నడూ చూడలేదు. చూడగానే ఆవిడకి కోపం వచ్చింది. లారబీ ఇలా గీయలేడు. గీయగలిగినవాడైతే నలభై ఏళ్ళు ఆ ముద్ద చేతుల్ని భరించిన తన గతేమిటి?

"లారబీ కాదు," అని అర్మాన్‌కి చెప్పింది. "ఎవడో పని తెలిసినవాడు."

"పని తెలిసినవాడు కావడం నా ఖర్మా?"

"నీ ఖర్మే. వేళ్ళు లెక్కపెట్టుకో, అన్నీ ఉన్నాయి. లారబీ పటాల్లో ఉండవు. పుస్తకంలో రాశాను."

"పుస్తకం రాసింది నువ్వే కదా?"

"అందుకే చెబుతున్నాను."

అర్మాన్ కాసేపు పిల్ల వంక చూశాడు. "మా మెమే బతికుంటే అనేది, ఆర్డెల్ చెబితే వానదేవుడు కూడా గొడుగు పట్టుకుంటాడని." మెమే అంటే అతని నాయనమ్మ. "సరే, నీ మాటే. కాదనే రాసివ్వు."

రాసివ్వడానికి మా అమ్మమ్మకి చెయ్యి ఆడలేదు. ఈలోగా కబురు ఎలా పాకిందో, పోర్ట్‌లండ్ నుంచి వారెన్ పింగ్రీ దిగాడు. పాత పటాల వ్యాపారి. మా అమ్మమ్మ ఔనన్న లారబీలు సగం అతని చేతుల మీదుగానే అమ్ముడుపోయాయి. చేతులకి ఏదో పువ్వుల నూనె రాసుకుంటాడు. కరచాలనం చేశాక ఆ వాసన రెండు పూటలు పోదని, అతను వస్తే మా అమ్మమ్మ కావాలనే పిండి చేత్తో తలుపు తీస్తుంది.

షెడ్డులోకి వెళ్ళి మూడు పలకలూ చూసి అతను గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"హమ్మయ్య. కాదని ఇట్టే తెలిసిపోతోంది, మిసెస్ ట్రాస్క్. చాలా బాగా గీశాడు, అదే చిక్కు. మన లారబీకి ఈ నేర్పు లేదు. మీరు కాదనే అంటారని నాకు తెలుసు."

"నేనింకా ఏమీ అనలేదు."

"మీ పుస్తకం ఎప్పుడో అనేసింది కదండీ." ఆమె చెవి దగ్గరికి వంగాడు, పువ్వుల నూనె గుప్పుమంది. "మీరిప్పుడు దీన్ని లారబీ అన్నారనుకోండి, మనం ఇన్నాళ్ళూ అమ్మినవన్నీ ఏమవుతాయి? జనం మన మొహాన ఉమ్మరూ?"

'మనం' అన్న మాటకి మా అమ్మమ్మ ఒక అడుగు పక్కకి జరిగింది. తాను అనుకున్నదే అతనూ అంటున్నాడు. ఒక తప్పుడు మనిషి నోట తన మాటే వినడం, మన దువ్వెనతో ఇంకెవరో తల దువ్వుకున్నట్టు ఉంటుంది.

పోయేముందు అతను ముందుగదిలో సబ్మిట్ అవ్వ పటం ముందు ఆగాడు. ఎప్పుడొచ్చినా ఆగి ఒక నమస్కారం లాంటిది పెడతాడు.

"చూడండి ఆ నిర్మలత్వం. ఆ మౌనం. అక్కర్లేనిదంతా ఎవరో కడిగేసినట్టు లేదూ? అదండీ ప్రతిభంటే!"

అతని కారు బురదలో జారుతూ వెళ్ళిపోయింది. మా అమ్మమ్మ మాత్రం ఆ పటం ముందే నిలబడిపోయింది.

కడిగేసినట్టు.

మా ఊళ్ళో ఏప్రిల్‌లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. నేలమాళిగలో కూర్చుని విత్తనపు దుంపలు కోయడం ఒకటి, ఇల్లంతా దులిపి కడగడం రెండోది. దుంపని కోసేటప్పుడు ప్రతి ముక్కకీ ఒక కన్ను, అంటే మొలకొచ్చే చోటు, ఉండాలి. కన్ను లేని ముక్కలు నాటడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. వాటిని బకెట్లో వేసి పైకి తెచ్చి, కోసిన తడివైపుతో గోడనున్న పటాల్ని రుద్దేవాళ్ళు. ఆపైన బూడిదనీళ్ళ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తగిలించేవాళ్ళు. పటం కడగని ఇల్లాలిని చర్చిలో కూడా ఓరచూపు చూసేవాళ్ళు. ప్రతి ఇంట్లో, ప్రతి ఏడూ, తల్లి తర్వాత కూతురు. సబ్మిట్ అవ్వని రుద్దే పని చిన్నప్పుడు మా అమ్మమ్మదే. బల్ల ఎక్కి, బుగ్గలు గట్టిగా రుద్దేది. దుంప ముక్కకి గులాబీ రంగు అంటుకునేది. అది మురికనుకునేది. రంగు ఎక్కువ వస్తే బాగా రుద్దావని వాళ్ళమ్మ మెచ్చుకునేది.

ఇన్నేళ్ళూ ఇది ఆవిడకి తెలియక కాదు. ఊళ్ళో అందరికీ తెలుసు. శుభ్రం చేయడం వల్ల ఏదైనా పాడవుతుందన్న ఊహే మావాళ్ళ బుర్రలకి ఎక్కదు, అంతే.

మా అమ్మమ్మ పటం దించి, వంటింటి బల్ల మీద బోర్లించి, చట్రం మేకులు పట్టుకారుతో ఒక్కొక్కటే లాగింది. ఆ చట్రం పటం గీసిననాడు బిగించింది, ఎవరూ విప్పలేదు. కడిగేవాళ్ళు చట్రంతో సహా కడిగేవాళ్ళు. పలక బయటికి రాగానే అంచు పొడవునా ఒక సన్నటి పట్టీ కనబడింది. చట్రం చెక్క కప్పి ఉంచిన భాగం అది, దుంప తగలని భాగం. సబ్మిట్ అవ్వ ముద్ద చెయ్యి కుర్చీ చెయ్యి మీదుగా పటం అంచుదాకా వచ్చి ఆగుతుంది. ఆగిందనుకున్నారు. ఆ పట్టీలో ఆ చేతి చిటికెనవేలి కొస ఉంది. గోరు, గోరు మొదట నెలవంక, పక్కన సన్నటి ఎర్ర గీత.

పట్టీకి ఇవతల ముద్ద, అవతల వేలు. మధ్యన గీత గీసినట్టు హద్దు.

ఆవిడ షెడ్డులోంచి పిల్ల పలకని మోసుకొచ్చి పక్కన పెట్టింది. భూతద్దం పెట్టి చూసింది. రెండిటా ఒకే చెయ్యి, ఒకే కుంచె, ఎరుపుని చివర్లో తేల్చేసే అదే అలవాటు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టయింది ఆవిడ పని. లారబీకి చేతులు రాకపోవడం కాదు. అతను గీసిన చేతుల్ని ఊరి ఆడవాళ్ళందరూ కలిసి అరగదీశారు. మిగిలిన అరుగుదలని తను కొలిచి, సూత్రం కట్టి, పుస్తకం అచ్చేయించింది. నలభై ఏళ్ళుగా తను తిట్టింది చిత్రకారుణ్ణి కాదు, వాళ్ళమ్మ చేతి చలవని. కోళ్ళ దయవల్ల ముగ్గురు తప్పించుకున్నారు.

చేతులు రెండుసార్లు కడుక్కుంది. కంపు పోలేదు. ఆ కంపు కోళ్ళది కాదని ఆవిడకి తెలుసు. నోరు మూసుకుంటే చాలు, పుస్తకం నిలబడుతుంది, పేరు నిలబడుతుంది, ఆ పిల్ల ఎవడో అనామకుడి బొమ్మగా మిగిలిపోతుంది. నోరు విప్పితే ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పిన మాటకి విలువేముంటుంది? మా అమ్మమ్మకున్న ఆస్తి ఆ మాటొక్కటే.

శనివారం సాయంత్రం రైతుసంఘం వాళ్ళ గ్రేంజ్ హాల్లో ఉడికించిన చిక్కుళ్ళ విందు. ఊరంతా పొడుగాటి బల్లల ముందు కూర్చుని చిక్కుళ్ళూ, నల్లరొట్టే తింటోంది. పింగ్రీ కూడా ఉన్నాడు, లారబీవి కాదన్న కాగితం తీసుకునే వెళ్దామని ఊళ్ళోనే ఆగాడు. మా అమ్మమ్మ పళ్ళెం ముట్టుకోకుండా లేచి నిలబడింది.

"అర్మాన్ కోళ్ళగూట్లోవి లారబీవే. మూడూ."

అర్మాన్ చెంచా నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"కాదన్నావు కదే!"

"తప్పు చెప్పాను. ఇంకో మాట కూడా ఉంది, తినేది ఆపి వినండి. మీ ఇళ్ళల్లో ఉన్నవీ అతనివే. కానీ ఆ మొహాలు అతనివి కావు. మీ అమ్మలూ అమ్మమ్మలూ దుంపలతో రుద్ది రుద్ది మిగిల్చినవి."

వెర్నా హాస్కెల్ చేతిరుమాలు బల్ల మీద కొట్టింది. ఆవిడ ఇంట్లో రెండు లారబీలున్నాయి.

"మా అమ్మ మొహాలు చెరిపేసిందంటావా? మా అమ్మంత శుభ్రమైన మనిషి ఈ జిల్లాలో లేదు!"

"లేదు కాబట్టే మీ ఇంట్లో ముసలాయనకి ముక్కు కూడా లేదు, వెర్నా."

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వింది తాము కాదన్నట్టు దగ్గారు.

"నువ్వేం పత్తిత్తువా? మీ ఇంట్లోదో?" అంది వెర్నా.

"మా ఇంట్లోది నేనే రుద్దాను. బల్లెక్కి మరీ. బుగ్గల రంగు ఊడితే సంతోషించాను. ఆ తర్వాత ఆ పాలిపోయిన మొహాన్ని చూపించి, ఇదే లారబీ గుర్తని మీ అందరికీ పాఠం చెప్పాను. మీరు రుద్ది ఊరుకున్నారు. నేను రుద్ది పుస్తకం రాశాను."

పింగ్రీ బల్లల మధ్య నుంచి గబగబా వచ్చాడు. గొంతు తగ్గించి, "మిసెస్ ట్రాస్క్, ఏం చేస్తున్నారో తెలుస్తోందా? మీ పుస్తకం సంగతేంటి?" అన్నాడు.

"పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదు. నున్నటి కాగితం, సరిగా అంటుకోదు."

"ఇక మీరు ఔనన్నా కాదన్నా ఎవరు నమ్ముతారండీ?"

"నమ్మొద్దు. చట్రాలు విప్పి అంచులు చూసుకోమను."

అతను కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వాసన మాత్రం చిక్కుళ్ళ ఆవిరిలో కలిసి కాసేపు ఉండిపోయింది. ఆ రాత్రి ఊళ్ళో చాలా ఇళ్ళల్లో పటాలు గోడ దిగాయి. మర్నాడు చర్చిలో ఎవరూ మా అమ్మమ్మ పక్కన కూర్చోలేదు. ఆ తర్వాత ఆదివారం వెర్నా హాస్కెల్ వచ్చి, మొహం అటు తిప్పుకునే, "మా ముసలాయనకి అంచులో ఒక బొత్తాం దొరికింది. దాని మీద లంగరు గుర్తుంది. ఆయన ఓడ మీద పనిచేశాడని మాకెవరికీ తెలీదు," అని చెప్పి, పక్కనే కూర్చుంది. పుస్తకం అమ్మే దుకాణాలు పుస్తకాన్ని తిప్పి పంపేశాయి. పోర్ట్‌లండ్ నుంచి ఇప్పుడు ఎవరూ ఫోన్ చేయరు. నూలు చిలప పట్టుకున్న పిల్ల అర్మాన్ వంటింట్లో ఉంది. దాని దరిదాపుల్లోకి తడిగుడ్డ తేనని అర్మాన్ భార్య బైబిల్ మీద ప్రమాణం చేసింది.

ఇదంతా రాసి, మొన్న మా అమ్మమ్మకి చదివి వినిపించాను. మొదట్లో దేవుణ్ణి గుమ్మంలో నిలబెట్టిన చోట ముక్కు చిట్లించింది. ఎలుకపిల్ల దగ్గర "ఛీ" అంది. బల్లెక్కి రుద్దిన చోటికి వచ్చేసరికి నాకే జాలేసి, "పోనీ ఇది తీసేయనా అమ్మమ్మా? చిన్నపిల్లవి, నీకేం తెలుసు అప్పుడు?" అన్నాను.

"తీసేశావంటే చంపుతాను. అందులో నిజమైన ముక్క అదొక్కటే, మిగతాదంతా నీ సోది," అంది మా అమ్మమ్మ. "ఇంక లేచి ఆ గిన్నెలు కడుగు."